కరెంటు పోయి వచ్చినా తనంతట తానే లేచే బోర్డు: ఈఎస్‌పీ32తో నీటి ట్యాంకును వెబ్‌కు కలపడం

మేడ మీది ట్యాంకులో ఎంత నీరు ఉందో తెలుసుకోవడానికి మెట్లెక్కి మూత తీసి చూసే ఇళ్లు, ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు విన్నాకే మోటారు కట్టే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఆ నీటిమట్టాన్ని కొన్ని వందల రూపాయలకు దొరికే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో (ఒకే చిప్పు మీద నడిచే చిన్న కంప్యూటరుతో) కొలిచి, ఇంట్లో ఉన్నా పొరుగూళ్లో ఉన్నా ఫోనులో చూసుకునేలా ఎలా అమర్చుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. బోర్డును వైఫైకి కలపడం ఒక సాయంత్రంలో అయిపోయే పని. ఎవరూ ముట్టుకోకుండా ఆరు నెలల తరువాత కూడా అది కలిసే ఉండేలా చూడడం అంతకు ఎన్నో రెట్లు శ్రద్ధ కోరే పని, కాబట్టి ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను మొదట అమర్చిన బోర్డు తొమ్మిది రోజులు చక్కగా పనిచేసి, ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత మూగబోయింది. బోర్డు చెడిపోయిందనుకుని కొత్తది కొనబోయే ముందు ఊరికే ఒకసారి ఆపి మళ్లీ పెట్టి చూస్తే మామూలుగానే పనిచేసింది. కారణం ఆలోచించగా తేలింది ఇది: కరెంటు రాగానే బోర్డు ఒకటి రెండు సెకన్లలో లేచి వైఫై కోసం వెతుకుతుంది, కానీ రూటరు పూర్తిగా లేచి ఇంటర్నెట్ అందుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. నా ప్రోగ్రాము ఇరవై సెకన్లు వెతికి, దొరకలేదని నిర్ణయించుకుని, ఇక ఎప్పటికీ వెతకకుండా ఊరుకుంది. తప్పు బోర్డుది కాదు, నేను రాసిన నాలుగు వరుసలది.

ఏ బోర్డు తీసుకోవాలి

ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో 2005లో మొదలైన ఆర్డుయినో ప్రాజెక్టు వల్లే చిన్న బోర్డులతో పరికరాలు చేసుకునే ఈ అభిరుచి ప్రపంచమంతటా వ్యాపించింది, అయితే అందులో అందరికీ పరిచయమైన సాంప్రదాయిక ఊనో బోర్డుకు వైఫై లేదు, దాని చిప్పులో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు మాత్రమే. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266, ఆ తరువాత 2016లో తెచ్చిన ఈఎస్‌పీ32 చిప్పులు ఈ పరిస్థితిని పూర్తిగా మార్చేశాయి. ఈఎస్‌పీ32లో 240 మెగాహెర్ట్‌జ్ వరకు పరుగెత్తే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ అన్నీ ఒకే చిప్పులో ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2022లో విడుదల చేసిన పికో డబ్ల్యూ కూడా మంచి బోర్డే, ముఖ్యంగా మైక్రోపైథాన్‌లో రాయాలనుకునేవారికి. అయినా మొదటిసారి చేసేవారికి నా సలహా ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డే. ఈఎస్‌పీ8266తోనూ ఈ పని జరుగుతుంది గాని, సురక్షితమైన కనెక్షన్‌కు కావలసిన మెమరీ దగ్గర అది ఇబ్బంది పెడుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ చేతితో చూసి కొనుక్కునే వీలుంది, మిగిలిన ఊళ్లవారు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

బోర్డుతో పాటు నీరు తగిలినా తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సరు ఒకటి కావాలి, ఇది ధ్వనిని పంపి, అది తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. విడిగా కేబుల్ చివర గుండ్రని తల ఉండే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ రకం ఇందుకు అనువైనది. రెండు కళ్లలా కనిపించే హెచ్‌సీ-ఎస్ఆర్04 చవకైనదే గాని, ట్యాంకులోని ఆవిరి తేమకు దాని ఆయుష్షు కొద్ది నెలలే. నీరు తట్టుకునే రకానికి ఒక పరిమితి ఉంది: సుమారు 25 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని అది సరిగా కొలవలేదు. అందువల్ల ట్యాంకు పూర్తిగా నిండినప్పుడు కూడా నీటి ఉపరితలానికి, సెన్సరుకు మధ్య ఆ మాత్రం ఎడం ఉండేటట్లు బిగించాలి. మూత మీద చిన్న పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, దాని పైన సెన్సరును అమర్చవచ్చు గాని, పైపు సన్నగా ఉంటే ధ్వని దాని గోడలకే తగిలి తిరిగి వస్తుంది కాబట్టి వెడల్పాటి ముక్కనే వాడాలి.

తీగలు, వోల్టేజీలు

ఈఎస్‌పీ32 కాళ్లు, అంటే తీగలు తగిలించే పిన్నులు, 3.3 వోల్టులకు మాత్రమే తయారైనవి. సెన్సరుకు 5 వోల్టులు ఇచ్చినప్పుడు అది తిరిగి పంపే ఎకో సంకేతం కూడా 5 వోల్టులే ఉంటుంది. దాన్ని నేరుగా కలిపినా కొంతకాలం పనిచేయవచ్చు, అయితే అలా చేసిన కాలు ఎప్పుడు కాలిపోతుందో చెప్పలేము. ఎకో తీగకు 1 కిలోఓమ్, 2 కిలోఓమ్‌ల రెసిస్టర్లను వరుసగా కలిపి, రెండో చివరను (2 కిలోఓమ్ వైపు) గ్రౌండుకు చేర్చి, రెండింటి నడుమ నుంచి సంకేతాన్ని తీసుకుంటే 5 వోల్టులు సుమారు 3.3 వోల్టులకు తగ్గుతాయి. కొలత మొదలుపెట్టమని చెప్పే ట్రిగర్ తీగ బోర్డు నుంచి సెన్సరుకు వెళ్లేది కాబట్టి దానికి ఈ ఏర్పాటు అక్కరలేదు. నేను ట్రిగర్‌కు 18వ కాలు, ఎకోకు 19వ కాలు వాడతాను.

కాళ్ల ఎంపికలో కొన్ని జాగ్రత్తలు ముందే తెలిస్తే ఒక రోజంతా వృథా కాకుండా ఉంటుంది. మొదటితరం ఈఎస్‌పీ32లో 6 నుంచి 11 వరకు ఉన్న కాళ్లు లోపలి ఫ్లాష్ మెమరీకి కేటాయించినవి, వాటిని తాకకూడదు. 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కు మాత్రమే పనికివస్తాయి. 0, 2, 12, 15 కాళ్ల స్థితిని చిప్పు లేచే సమయంలో చదువుకుంటుంది కాబట్టి వాటికి ఏదైనా తగిలించి ఉంటే బోర్డు లేవకపోవచ్చు. రేపు నేల తేమను కొలిచే సెన్సరు వంటి అనలాగ్ పరికరాన్ని కూడా కలపాలనుకుంటే, వైఫై నడుస్తున్నంతసేపు రెండో ఏడీసీకి (అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) చెందిన కాళ్లు అనలాగ్ విలువలను చదవలేవని గుర్తుంచుకుని, 32 నుంచి 39 మధ్య ఉన్న మొదటి ఏడీసీ కాళ్లనే ఎంచుకోవాలి. తీగలు సరిగానే ఉన్నాయి, ప్రోగ్రాము సరిగానే ఉంది, వైఫై కలపగానే కొలతలు పాడైపోతున్నాయని వాపోయేవారిలో చాలామంది ఇబ్బంది ఇదే.

మొదట కొలత, తరువాతే వైఫై

కంప్యూటరులో, ప్రోగ్రాము రాసి బోర్డుకు ఎక్కించే ఆర్డుయినో ఐడీఈ పెట్టుకుని, అందులోని బోర్డ్స్ మేనేజర్ నుంచి ఎస్ప్రెసిఫ్ వారి ఈఎస్‌పీ32 ప్యాకేజీని దించుకోవాలి. బోర్డును యూఎస్‌బీతో కలిపినా పోర్టు కనబడకపోతే ముందుగా అనుమానించవలసింది కేబుల్‌ను, ఎందుకంటే ఫోనుతో వచ్చే కొన్ని కేబుళ్లలో చార్జింగ్ తీగలే తప్ప డేటా తీగలు ఉండవు. కేబుల్ మంచిదే అయితే బోర్డు మీద ఉన్న యూఎస్‌బీ చిప్పు సీపీ2102నో సీహెచ్340నో చూసి దాని డ్రైవరు వేసుకోవాలి. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు కనెక్టింగ్ అనే మాట దగ్గరే ఆగిపోతే బోర్డు మీది బూట్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాలి.

మొదటి ప్రోగ్రాములో వైఫై ఊసే ఉండకూడదు. ట్రిగర్ కాలుకు 10 మైక్రోసెకన్ల పాటు సంకేతం ఇచ్చి, ఎకో కాలు ఎంతసేపు పైకి ఉన్నదో కొలిచి, దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఆ సంఖ్యను, బోర్డు పంపేదాన్ని కంప్యూటరులో చూపే సీరియల్ మానిటర్‌లో చూస్తూ, సెన్సరును గోడకు ఎదురుగా పట్టుకుని టేపుతో సరిచూసుకోవాలి. 58 అనే సంఖ్య 20 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుందన్న లెక్క మీద వచ్చినది. మన వేసవిలో 40 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 355 మీటర్లు దాటుతుంది కనుక నిజంగా 130 సెంటీమీటర్ల దూరం ఉన్నప్పుడు బోర్డు 126 అని చూపుతుంది. ట్యాంకు నీటికి ఈ తేడా పెద్ద నష్టం కాదు గాని, మధ్యాహ్నం పూట ఎవరూ మోటారు వేయకుండానే నీరు పెరిగినట్టు గ్రాఫ్ కనిపిస్తే ఆశ్చర్యపోకుండా ఉండటానికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఒక్క కొలతను ఎన్నడూ నమ్మకూడదు. నీరు పడుతున్నప్పుడు లేచే అలలు, సెన్సరు ముఖం మీద పేరుకునే తేమ బొట్లు అప్పుడప్పుడు తప్పుడు సంఖ్యలు ఇస్తాయి. కొలతకూ కొలతకూ మధ్య కనీసం 60 మిల్లీసెకన్లు ఆగుతూ ఐదు కొలతలు తీసుకుని, వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి అమర్చి, నడుమ ఉన్నదాన్ని తీసుకోవాలి. సగటు కంటే ఇది మేలు, ఎందుకంటే ఒక్క పిచ్చి సంఖ్య సగటును పాడు చేయగలదు గాని నడుమ విలువను కదిలించలేదు. ఆ తరువాత శాతం లెక్క: ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు దూరం 130, నిండినప్పుడు 25 అయితే మొత్తం లోతు 105 సెంటీమీటర్లు. ఇప్పుడు దూరం 67 అని వస్తే, 130 లోంచి 67 తీసివేయగా మిగిలిన 63ను 105తో భాగించి నూటితో హెచ్చించగా 60 శాతం వస్తుంది.

వైఫైకి కలపడం

ఈఎస్‌పీ32కు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే కనబడుతుంది. రూటరులో రెండు బ్యాండ్లు వేర్వేరు పేర్లతో ఉంటే 2.4 పేరునే వాడాలి, ఫోను హాట్‌స్పాట్‌తో ప్రయత్నిస్తుంటే దాన్ని కూడా ఆ బ్యాండ్‌కు మార్చాలి. కలిసిన తరువాత సంకేత బలాన్ని తప్పకుండా ముద్రించి చూడాలి. అది రుణ సంఖ్యగా వస్తుంది: మైనస్ 60 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, మైనస్ 80 దాటితే మాత్రం ఆ కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. గదిలో టేబుల్ మీద పరీక్షించి తృప్తి పడకూడదు. రెండు కాంక్రీటు శ్లాబులు దాటాక మేడ మీద ఎంత సంకేతం మిగిలిందో పవర్ బ్యాంకుతో అక్కడికే తీసుకువెళ్లి చూడాలి. సరిపోకపోతే ప్రోగ్రాము ఎంత చక్కగా రాసినా ఫలితం ఉండదు, బోర్డును మెట్ల గది వైపు జరపడమో, బయటి యాంటెనా పెట్టుకునే వీలున్న మాడ్యూల్‌ను వాడటమో చేయాలి.

వైఫై పేరును, పాస్‌వర్డ్‌ను, తరువాత వచ్చే రహస్య తాళాలను ప్రధాన ప్రోగ్రాములో కాకుండా ఒక విడి ఫైలులో ఉంచండి. ఆ ఫైలును, ప్రోగ్రాములు నలుగురితో పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టకుండా మినహాయించండి. ఉత్సాహంలో మొత్తం ఫోల్డరును అందరికీ కనబడేలా పెట్టేసి, ఇంటి వైఫై పాస్‌వర్డ్‌ను లోకానికి చాటినవారు చాలామంది ఉన్నారు. బంధువుల ఇంట్లోనో అద్దె ఇంట్లోనో పెట్టబోయే బోర్డుకైతే వైఫైమేనేజర్ అనే లైబ్రరీ మంచిది. తెలిసిన నెట్‌వర్క్ దొరకనప్పుడు బోర్డు తానే ఒక చిన్న వైఫైగా మారి, ఫోనుతో దానికి కలిసి 192.168.4.1 చిరునామా తెరిస్తే కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. అయితే ఆ పేజీ ఎంతసేపు ఎదురుచూడాలో గడువు పెట్టడం మరచిపోకూడదు. గడువు లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, రూటరు లేవకముందే బోర్డు ఆ పేజీ తెరుచుకుని ఎవరో వచ్చి పాస్‌వర్డ్ చెబుతారని అక్కడే కూర్చుంటుంది.

బోర్డు బయటికి వెళ్లాలి, బయటివారు లోపలికి రాకూడదు

వెబ్‌కు కలపడం అనగానే చాలామంది మొదట చేసే ప్రయత్నం బోర్డునే వెబ్ సర్వరుగా మార్చడం. ఇంటి నెట్‌వర్క్ వరకు ఇది ముచ్చటైన పాఠమే: పాతిక వరుసల ప్రోగ్రాముతో ఫోను బ్రౌజరులో మీ ట్యాంకు శాతం కనిపిస్తుంది. ఆ తరువాత దాన్ని బయటి నుంచి చూడాలని రూటరులో పోర్టు (బయటివారు లోపలికి వచ్చే దారి) తెరవడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఇంత చిన్న సర్వరుకు దాడులను తట్టుకునే శక్తి లేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన కెమెరాలు, రూటర్లు లక్షల సంఖ్యలో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము వశమై, 2016 అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డిన్ అనే డొమైన్ నేమ్ సంస్థ మీద దాడికి ఉపయోగపడ్డాయి, ఆనాడు ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. పైగా మన దేశంలో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎంతోమంది చందాదారులు పంచుకుంటారు, కాబట్టి పోర్టు తెరిచినా బయటి నుంచి ఎవరూ చేరలేరు.

సరైన దారి దీనికి తిరగబడినది. బోర్డే బయటికి వెళ్లి ఒక సర్వరుకు తన కొలతను అందజేస్తుంది, మీరు ఫోనుతో ఆ సర్వరునే చూస్తారు. దీనికి తేలికైన మొదటి మెట్టు థింగ్‌స్పీక్. అక్కడ ఉచిత ఖాతా తెరిచి ఒక ఛానెల్ చేసుకుంటే, అందులో ఎనిమిది విలువల వరకు పంపవచ్చు, గ్రాఫులు అదే గీస్తుంది. రాయడానికి ఒక తాళం (కీ అనే రహస్య అక్షరాల వరుస), చదవడానికి వేరే తాళం ఇస్తుంది. బోర్డులో రాసే తాళం ఒక్కటే ఉంచాలి. ఉచిత ఖాతాలో రెండు నమోదుల మధ్య కనీసం 15 సెకన్ల ఎడం ఉండాలి, ట్యాంకుకైతే నిమిషానికి ఒకసారి ఎక్కువే. పంపిన ప్రతిసారీ సర్వరు ఇచ్చే జవాబును చదవడం అలవాటు చేసుకోండి: నమోదు జరిగితే దాని వరుస సంఖ్య వస్తుంది, 0 వస్తే నమోదు కాలేదని అర్థం. జవాబు చూడకుండా పంపానని సంతోషపడే ప్రోగ్రాము సగం ప్రోగ్రామే.

నీటి శాతంతో పాటు సంకేత బలాన్ని, బోర్డు లేచి ఎంతసేపయిందో ఆ నిమిషాలను, మిగిలి ఉన్న మెమరీని కూడా మరో మూడు విలువలుగా పంపండి. మొదట్లో ఇది అనవసరమనిపిస్తుంది. కానీ బోర్డు రోజుకు నాలుగుసార్లు తనంతట తానే ఆగి లేస్తున్నదని నిమిషాల గ్రాఫే చెబుతుంది, ప్రోగ్రాములో మెమరీ కొద్దికొద్దిగా కారిపోతున్నదని మూడో గ్రాఫే చెబుతుంది. మేడ మీద పెట్టె విప్పకుండానే జబ్బు కనిపెట్టే సాధనాలు ఇవి.

తాళం పెట్టిన దారి, గడియారం

వెబ్‌లో సమాచారం పంపే మామూలు పద్ధతి అయిన హెచ్‌టీటీపీ ద్వారా పంపితే మీ తాళం తెరిచిన పోస్టుకార్డులా ప్రయాణిస్తుంది, అదే సమాచారాన్ని రహస్య లిపిలో పంపే హెచ్‌టీటీపీఎస్ వాడాలి. ఇక్కడ ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణల్లో ఒక చెడు అలవాటు స్థిరపడిపోయింది. సర్వరు సర్టిఫికెట్‌ను (అది ఫలానా సర్వరేనని ధ్రువీకరించే పత్రాన్ని) తనిఖీ చేయవద్దని ఒక వరుస రాసేసి పని నడిపిస్తారు. అప్పుడు దారి తాళం వేసినదే గాని, అవతలివైపు ఉన్నది నిజంగా మనం అనుకున్న సర్వరేనా అన్నది తెలియదు. ఆ వరుస తీసేసి, సర్వరుకు సంబంధించిన రూట్ సర్టిఫికెట్‌ను (ఆ పత్రానికి మూలమైన ధ్రువీకరణ సంస్థ పత్రాన్ని) ప్రోగ్రాములో చేర్చండి. సర్వరు సొంత సర్టిఫికెట్‌ను చేర్చడం పొరపాటు, అది కొన్ని నెలల్లో మారిపోతుంది. రూట్ చాలా ఏళ్లు ఉంటుంది గాని, దానికీ ఒక చివరి తేదీ ఉంటుంది. 2021 సెప్టెంబరు 30న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు వాడే సైట్లకు ప్రపంచమంతటా ఎన్నో పాత పరికరాలు కలవలేకపోయాయి. మీరు చేర్చిన రూట్ ఎప్పటి వరకు చెల్లుతుందో ప్రోగ్రాము మొదట్లోనే వ్యాఖ్యగా రాసుకోండి.

సర్టిఫికెట్ గడువును సరిచూడాలంటే బోర్డుకు ఈనాటి తేదీ తెలియాలి. కానీ కొత్తగా లేచిన ఈఎస్‌పీ32 తాను 1970 జనవరి 1న ఉన్నానని అనుకుంటుంది, అందువల్ల గడువు తేదీలను సరిచూసేలా అమర్చి ఉంటే ఏ సర్టిఫికెట్ అయినా ఇంకా మొదలే కాలేదని తిరస్కరిస్తుంది. వైఫై కలవగానే ముందుగా, సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరును అడిగి గడియారం సరిచేసుకోవాలి, భారత కాలానికి తేడా 19800 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. సంవత్సరం 2024 కంటే తక్కువగా ఉన్నంతసేపు ఏమీ పంపకుండా ఆగాలి. హెచ్‌టీటీపీఎస్ ఒకసారి కలుస్తుంది, మరోసారి కలవదు అనే ఫిర్యాదుకు ఒక్కోసారి కారణం ఈ గడియారమే.

మళ్లీ కలిసే విద్య

ఇప్పుడు నా మొదటి బోర్డు మూగబోయిన చోటికి వద్దాం. ప్రోగ్రామును, బోర్డు లేవగానే ఒకసారి నడిచే సెటప్‌లో వైఫై కలిపి, ఆపై మళ్లీ మళ్లీ నడిచే లూప్‌లో కొలిచి పంపే రెండు ముక్కలుగా కాక, బోర్డు ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకునే విధంగా రాయాలి: వైఫై లేదు, వైఫై ఉంది గాని గడియారం లేదు, గడియారం ఉంది గాని సర్వరు అందలేదు, అన్నీ సరిగా ఉన్నాయి అనే నాలుగు స్థితులు చాలు. లూప్ తిరిగిన ప్రతిసారీ తానున్న స్థితిని పరిశీలించి, తరువాతి స్థితికి వెళ్లేందుకు ఒక చిన్న ప్రయత్నం చేసి, కుదరకపోతే వెంటనే తిరిగి వచ్చేయాలి. వైఫై కలిసేదాకా ఇక్కడే ఉండు అనే వలయం ఎక్కడా ఉండకూడదు. కొలవడం అనే పని కనెక్షన్ ఉన్నా లేకున్నా సాగుతూనే ఉండాలి.

ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం పెరుగుతూ పోవాలి. మొదట 5 సెకన్లు, తరువాత 10, 20, 40, ఇలా పెంచుతూ 5 నిమిషాల దగ్గర ఆపి, అక్కడి నుంచి అదే విరామంతో ఎప్పటికీ ప్రయత్నిస్తూనే ఉండాలి. ఒకసారి కలవగానే మళ్లీ 5 సెకన్లకు తగ్గించాలి. ప్రతి విరామానికి కొన్ని సెకన్లు యాదృచ్ఛికంగా కలిపితే, ఇంట్లో నాలుగు బోర్డులున్నప్పుడు నాలుగూ ఒకే క్షణంలో రూటరు మీద పడవు. అరగంట పాటు ఒక్క నమోదు కూడా సర్వరుకు చేరకపోతే బోర్డు తనను తాను రీస్టార్ట్ చేసుకోవాలి. దీనికి తోడు చిప్పులోనే ఉన్న వాచ్‌డాగ్ టైమరును 30 సెకన్లకు అమర్చి, లూప్‌లో ప్రతిసారీ దాన్ని పలకరించాలి. ప్రోగ్రాము ఎక్కడైనా బిగుసుకుపోయి పలకరింపు ఆగితే, వాచ్‌డాగే బోర్డును రీస్టార్ట్ చేస్తుంది.

ఇన్ని విరామాలను డిలే అనే ఆదేశంతో చేయకూడదు, అది నడుస్తున్నంతసేపు మీ లూప్ మరే పనీ చేయదు. బోర్డు లేచినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను చెప్పే మిల్లిస్ అనే లెక్కతో, గతసారి చేసిన సమయాన్ని గుర్తుంచుకుని పోల్చుకోవాలి. ఆ లెక్క 32 బిట్లది కాబట్టి సుమారు 49 రోజుల 17 గంటలకు మళ్లీ సున్నాకు వస్తుంది. ఇప్పటి సమయం లోంచి గత సమయాన్ని తీసివేసి, ఆ తేడాను విరామంతో పోలిస్తే సున్నా దాటినా లెక్క సరిగానే వస్తుంది. అలా కాక గత సమయానికి విరామాన్ని కూడి పోలిస్తే, ఏడు వారాల తరువాత ఒక రోజు అంతు చిక్కని తప్పు ఎదురవుతుంది. ఈ చిన్న తేడా తెలియక సెన్సరు మార్చినవారిని చూశాను.

కనెక్షన్ లేని సమయంలోని కొలతలను ర్యామ్‌లో ఒక చిన్న వరుసగా దాచి, కలిసిన తరువాత పంపవచ్చు. ఫ్లాష్ మెమరీలో నిమిషానికోసారి రాయడం మాత్రం మంచిది కాదు, దాని ఒక్కో భాగం సుమారు లక్షసార్లు చెరిపి రాయడానికే హామీ ఉన్నది. ట్యాంకు విషయంలో పాత కొలతల కంటే ముఖ్యమైనది, ఇప్పుడు కనబడుతున్న కొలత ఎప్పటిదో తెలియడం. మీరు చూసే పేజీలో శాతం పక్కనే చివరిసారి అందిన సమయాన్ని పెద్ద అక్షరాలతో చూపండి, పది నిమిషాలు దాటితే రంగు మార్చండి. నిన్న సాయంత్రం ఆగిపోయిన బోర్డు 70 శాతం అని చూపుతూనే ఉంటే, ఉదయం కుళాయి తిప్పినప్పుడు గాని ట్యాంకు ఖాళీ అని తెలియదు. నిజం చెప్పని మీటరు కంటే మూత తీసి చూడటమే మేలు.

ఎమ్‌క్యూటీటీ ఎప్పుడు అవసరం

ఒక బోర్డు ఒక సంఖ్యను పంపడానికి హెచ్‌టీటీపీఎస్ చాలు. బోర్డులు పెరిగినా, ఇంటి నుంచి బోర్డుకు ఆదేశాలు పంపాలన్నా ఎమ్‌క్యూటీటీ హాయిగా ఉంటుంది. ఉపగ్రహ లంకెల మీద చమురు పైపులైన్లను గమనించేందుకు 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ రూపొందించిన పద్ధతి ఇది, తెగిపోయే కనెక్షన్లను దృష్టిలో పెట్టుకునే పుట్టింది కాబట్టి మన అవసరానికి అతికినట్టు సరిపోతుంది. నడుమ బ్రోకర్ అనే సర్వరు ఉంటుంది. బోర్డు ఒక టాపిక్ పేరుతో విలువను పంపుతుంది, ఆ టాపిక్‌ను కోరుకున్నవారందరికీ బ్రోకర్ అందజేస్తుంది. టాపిక్ పేర్లు యూనికోడ్‌లో ఉండవచ్చు, అందువల్ల ఇల్లు, మేడ, ట్యాంకు అని తెలుగులోనే పెట్టుకున్నా పనిచేస్తాయి, నేను అలాగే పెట్టుకున్నాను.

ఇందులో రెండు సౌకర్యాలను తప్పక వాడుకోండి. రిటెయిన్ గుర్తుతో పంపిన చివరి విలువను బ్రోకర్ దాచి ఉంచి, కొత్తగా కలిసినవారికి వెంటనే ఇస్తుంది. లాస్ట్ విల్ అనేది బోర్డు కలిసేటప్పుడే రాసి ఇచ్చే సందేశం: కీప్-అలైవ్ (బోర్డు ఎంతసేపటికోసారి పలకాలో చెప్పే) గడువుకు ఒకటిన్నర రెట్లు సమయం బోర్డు నుంచి చప్పుడు లేకపోతే, బోర్డు అందుబాటులో లేదు అని బ్రోకరే అందరికీ చెబుతుంది. ప్రతి బోర్డుకు క్లయింట్ ఐడీ వేరుగా ఉండాలి. రెండింటికి ఒకే ఐడీ ఉంటే, ఒకటి కలిసినప్పుడల్లా బ్రోకర్ రెండోదాన్ని గెంటివేస్తుంది, రెండూ రోజంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ప్రతి చిప్పుకూ వేరుగా ఉండే మ్యాక్ చిరునామాలోని చివరి అంకెలను ఐడీలో చేర్చితే ఈ చిక్కు రాదు. ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై మీద మస్కిటో బ్రోకర్ పెట్టుకునేవారు ఒకటి గమనించాలి: దాని 2.0 వెర్షన్ నుంచి, సెట్టింగుల ఫైలులో లిజనర్‌ను (బ్రోకర్ ఏ దారిలో కనెక్షన్లు స్వీకరించాలో చెప్పేదాన్ని), లాగిన్ పద్ధతిని స్పష్టంగా రాయకపోతే అదే కంప్యూటరు నుంచి తప్ప ఇతర పరికరాల నుంచి కలవనివ్వదు. అందరికీ తెరిచి ఉండే పరీక్షా బ్రోకర్లు నేర్చుకోవడానికి మాత్రమే, మీ ఇంట్లో నీళ్లు ఎప్పుడు వాడుతున్నారో చూసి ఇంట్లో ఎవరూ లేని వేళలను ఎవరైనా ఊహించగలరు.

పెట్టె, కరెంటు, చివరి పరీక్షలు

వైఫై సంకేతం పంపే క్షణంలో ఈఎస్‌పీ32 కొన్ని వందల మిల్లీయాంపియర్లు లాగుతుంది. సన్నని పొడవాటి యూఎస్‌బీ కేబుల్‌లో అంత కరెంటుకు వోల్టేజీ పడిపోయి, సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ అనే మాట చూపుతూ బోర్డు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. కనీసం 1 యాంపియర్ ఇచ్చే మంచి 5 వోల్టుల అడాప్టరు, పొట్టి కేబుల్, బోర్డు 5 వోల్టుల కాలుకు గ్రౌండుకు మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉంటే ఈ బాధ తీరుతుంది. పెట్టె ప్లాస్టిక్‌ది కావాలి, లోహపు పెట్టె వైఫైని మింగేస్తుంది. ఎండ నేరుగా పడని చోట, కేబుల్ రంధ్రం కిందివైపు ఉండేలా బిగించండి, లేకపోతే వాన నీరు కేబుల్ వెంబడే లోపలికి దిగుతుంది. బిగించే ముందే గాలిలోంచి ప్రోగ్రాము మార్చే ఓటీఏ ఏర్పాటును పాస్‌వర్డ్‌తో సహా పెట్టుకోండి.

బిగించిన తరువాత మూడు పరీక్షలు చేయాలి. రూటరును పది నిమిషాలు ఆపి తిరిగి వేయండి. రూటరు వెలుగుతుండగానే దానికి వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌ను ఊడదీసి పది నిమిషాల తరువాత పెట్టండి, ఎందుకంటే వైఫై ఉండి ఇంటర్నెట్ లేని స్థితిని చాలా ప్రోగ్రాములు ఊహించవు. చివరిగా మెయిన్ స్విచ్ దగ్గరే కరెంటు తీసి, నిజంగా కరెంటు పోయినప్పుడు జరిగినట్టే అన్నీ ఒకేసారి లేవనివ్వండి. మూడు సందర్భాల్లోనూ మీరు మేడ ఎక్కకుండా పది నిమిషాల్లోపు గ్రాఫ్‌లో కొత్త చుక్క కనబడాలి.

ఇంత అయ్యాక మోటారును కూడా ఫోను నుంచే వేయాలన్న కోరిక కలగడం సహజం. కనీసం ఒక నెల పాటు గ్రాఫ్‌ను గమనించి, కొలతలు ఎప్పుడూ తప్పలేదని నమ్మకం కుదిరిన తరువాతే దాని గురించి ఆలోచించండి. బోర్డు సంకేతంతో పనిచేసే స్విచ్ అయిన చిన్న రిలే మాడ్యూలును మోటారుకు నేరుగా తగిలించకూడదు, మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోయి, ఆపమన్నా ఆగని స్థితి వస్తుంది. రిలేతో కాంటాక్టరును (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్‌ను), కాంటాక్టరుతో మోటారును నడిపించాలి, ఆ భాగాన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. బోర్డుతో, వైఫైతో, ప్రోగ్రాముతో ఏ సంబంధమూ లేని, నీటిమట్టంతో పాటు పైకి లేచి పనిచేసే ఒక ఫ్లోట్ స్విచ్‌ను ట్యాంకు పైఅంచు దగ్గర పెట్టి, అది కాంటాక్టరు కాయిల్ కరెంటును నేరుగా తెంపేలా కలిపించండి.